పటేలా, రాండ్రి

వాన వాసన. డీజిల్ వాసన. ఆ రెంటి మధ్యలోంచి తడిసిన కుక్కపిల్ల వాసన.

ఎల్లారెడ్డి బస్టాండులో ఆ మధ్యాహ్నం వాన ఏటవాలుగా కొడుతోంది. జనం గొడుగులు ముడుస్తూ, చెప్పులు విదిలిస్తూ ఎక్కుతున్నారు. వాళ్ల కాళ్ల సందుల్లోంచి అదీ ఎక్కింది. గోధుమరంగు ఒళ్లు. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి...

నేను ఆ బస్సు కండక్టర్‌ని. ఎల్లారెడ్డి నుంచి తాడ్వాయి మీదుగా కామారెడ్డి.

అది నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. అది ఎగిరి ముందు సీట్లో కూర్చుంది, కిటికీ పక్కన.

దిగమంటే దిగలేదు. అదిలిస్తే బెదరలేదు. బస్సు నిండా మనుషులు నిలబడి ఉన్నారు — అది మాత్రం కూర్చుంది. వెనక నుంచి ఒక ముసలమ్మ గొంతెత్తింది.

"ఏం పటేలా, టికెట్ తీస్కున్నవా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మా వైపు ఊళ్లలో భూమి ఉన్న ఆసామిని కూలీలు పేరు పెట్టి పిలవరు. పటేలా అంటారు. పటేల్ బస్సెక్కితే కూర్చున్నవాళ్లు లేచి సీటిచ్చేవారు. అదంతా పాతకాలం మాట... మరీ అంత పాతదేమీ కాదనుకోండి.

కామారెడ్డిలో అందరూ దిగారు. నా వెనకే అదీ దిగింది. డ్యూటీ అయ్యాక నేను ఆటో ఎక్కితే, అదీ ఆటో ఎక్కింది.

అట్లా పటేల్ మా ఇంటికొచ్చాడు.

ఇల్లంటే ఫ్లాటు. మూడో అంతస్తు. తలుపు మీద ఇత్తడి అక్షరాలతో కృపాజ్యోతి అని ఉంటుంది. అది నా పేరు. మళ్లీ చెబుతాను — నా పేరు. మా వంశంలో తలుపు మీద పేరున్న మొదటి మనిషిని నేను. మా తాతల గుడిసెలకు పేరు రాయడానికి తలుపు ఉంటే కదా!

నాతో మా బాపు ఉంటాడు. ఆయన పేరు యోబు. ఎల్లారెడ్డి అవతల మా ఊళ్లో ఒక పటేల్ దగ్గర జీతమున్నాడు. జీతముండటం అంటే ఉద్యోగం కాదు. ఏడాదికింతని మాట్లాడుకుని, వాళ్ల గొడ్లూ వాళ్ల పొలమూ వాళ్ల కోపమూ చూసుకోవడం. మీసం నెరిసే దాకా చూసుకున్నాడు.

కుక్కపిల్ల పేరు చెప్పగానే బాపు అటూ ఇటూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

మర్నాడు పొద్దున వంటింట్లో ఉన్నాను. హాల్లోంచి బాపు గొంతు.

"పటేలా... లేవుండ్రి. పొద్దెక్కింది. పాలు తాగుండ్రి."

గరిటెతో అట్లాగే బయటికొచ్చాను. బాపు గొంతుక్కూర్చుని, గిన్నెను రెండు చేతులతో ముందుకు జరుపుతున్నాడు.

"బాపూ, అది కుక్క. లే అను. తాగు అను."

"గదే అంటున్న గదనే."

"లేవుండ్రి అంటున్నవు."

బాపు ఆలోచనలో పడ్డాడు. "పటేలా..." అన్నాడు. ఆగాడు. మళ్లీ అన్నాడు. ఆ మాట వెనక 'లే' రాలేదు. ఎంత లాగినా రాలేదు.

"నోరు తిరుగుత లేదు బిడ్డా."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపమొచ్చింది. ఒక్క మాట... ఒక మనిషి నాలుకను ఇంతలా వంచి పెడుతుందా?

కుక్కకు మాత్రం ఏ బాధా లేదు. మర్యాదగా పెరిగింది. రాండ్రి అంటే వచ్చేది. కూసోండ్రి అంటే కూర్చునేది. మన మాటల్లో ఇంకో రకం పిలుపు ఉందని దానికి తెలియనే తెలియదు.

ఎదురు ఫ్లాటు విమలమ్మది. తాడ్వాయి పక్కన వాళ్ల ఊరు. భర్త లింగయ్య పోయాక కొడుకు నరేందర్ దగ్గరికి వచ్చింది. గట్టి మనిషి. పొద్దున్నే టైల్స్ కడిగి, వాటి మీదే ముగ్గు వేస్తుంది. ఆమె ఎదురొస్తే మా బాపు గోడకు అంటుకుపోతాడు. ఎవరూ అంటుకొమ్మనలేదు. ఒళ్లే అట్లా జరుగుతుంది.

ఆమెకు కుక్క గిట్టలేదు.

వాసనంది. సబ్బు పెట్టి రుద్ది రుద్ది కడిగాం. వెంట్రుకలంది. డ్యూటీకి పోయే ముందు కారిడార్ నేనే ఊడ్చాను. లిఫ్టులో తేవద్దంటే మెట్ల మీద నడిపించాడు బాపు, మోకాళ్లు పట్టేస్తున్నా సరే. ఇక మొరుగుడు అందామంటే, పటేల్ మొరగడు. మొరగడం వాడికి నామోషీ.

ఒక్కో ఫిర్యాదూ తీరుతోంది. ఆమె మొహం మాత్రం తేటపడటం లేదు. మబ్బు కమ్ముతుంది, కురవదు...

ఒక సాయంత్రం అసోసియేషన్ ప్రెసిడెంట్ ప్రేమ్‌కుమార్ వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అక్కా, ఆదివారం మీటింగ్ పెడుతున్న. కుక్కన్న ఉండాలె, నేనన్న ఉండాలె అంటున్నది విమలమ్మ. దాన్ని ఊళ్లె ఎవరికన్న ఇచ్చి రారాదు?"

"ఇది మా ఇల్లు ప్రేమన్నా" అన్నాను.

ఆ పూట బాపు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. పటేల్ ఆయన పాదం మీద తల పెట్టి పడుకున్నాడు. బాపు ఆ పాదం కదపలేదు. ఈ ఊళ్లో ఆయనకు మాట్లాడే తోడు అదొక్కటే. దాన్ని పంపితే ఈ మూడో అంతస్తులో ఆయన ఎవరిని లేపుతాడు?

ఆదివారం వాన. కింద పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నేను మాటలన్నీ కూర్చుకుని పోయాను. వాసనకొక జవాబు, వెంట్రుకలకొక జవాబు. నోరు చేసుకోవడం నాకెవరూ నేర్పక్కర్లేదు. కిక్కిరిసిన బస్సులో నేర్చుకున్న నోరు ఇది!

"చెప్పుండ్రి విమలమ్మా" అన్నాడు ప్రేమ్‌కుమార్.

ఆమె కొంగు చివర ముడి వేసింది, విప్పింది.

"వాసన లేదు, ఏం లేదు. అన్ని ఉత్తగనే అన్న."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మా ఆయనను ఊరంత పటేలా అనే పిలుస్తుండె. పొద్దుగాల జీతగాండ్లు వాకిట్ల నిలబడి గిట్లనే లేపుతుండిరి... పటేలా, లేవుండ్రి అని. ఆయన పోయినంక ఆ పిలుపు పోయింది. ఇప్పుడు రోజు ఇనబడుతున్నది. నిద్రల దిగ్గున లేసి కూసుంట. ఆయన్నే పిలుస్తున్నరు అనుకుంట. తలుపు తీస్తే... కుక్క."

కొంగు ముడి మళ్లీ బిగించింది.

"పేరన్న మార్చుండ్రి, కుక్కనన్న పంపుండ్రి. నాతోని అయితలేదు."

జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. ఒకటే పిలుపు. ఆమె చెవిలో అది మొగుడు. మా బాపు మెడ మీద అది కాడి.

నేను లేవబోయాను. నా భుజం మీద చెయ్యి పడింది. బాపు లేచాడు.

పెద్దల ముందు లేస్తే భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకోవడం ఆయన అలవాటు. చెయ్యి తువ్వాల దాకా పోయింది. అక్కడ ఆగింది. తువ్వాల భుజం మీదే ఉంది.

"విమలమ్మా" అన్నాడు.

పేరు పెట్టి! నేను సరిగ్గానే విన్నానా?

"మీ బాధ నాకు సమజయింది. మిమ్ములను నొప్పియ్యాలని పిలువలే. ఆ మాట అనుడు నాకు గట్లనే వచ్చు. ఇంకో తీరుగ రాదు. అయితే కుక్క యాడికి పోదు. పేరు గూడ పోదు. అది దాని పేరు, దానికెరుక." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "రాండ్రి, లేవుండ్రి అనుడు బంద్ చేస్త. ఆ మర్యాద మీ ఆయనదైతే మీరే ఉంచుకోండ్రి. రేపటి సంది నా కుక్కను రా అంట. అప్పుడు మీకు మీ ఆయనను పిలిచినట్టు ఇనబడదు."

అంత మాట బాపు నోట నేనెప్పుడూ వినలేదు. కూర్చున్నవాళ్లలో ఎవరో దగ్గారు. నరేందర్ తల వంచుకుని ఫోన్ తిప్పుతున్నాడు. విమలమ్మ బాపును చూస్తోంది. కోపమో, అలసటో... ఇంకేదో.

"ఏమంటరమ్మా?" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"రేపు పొద్దుగాల ఇని చూస్త" అంది. లేచి పోయింది.

ఆ సాయంత్రం బాపు బాల్కనీలో నిలబడి వానకు చెప్పుకున్నాడు. రా... రా... రా... ఒట్టి 'రా' బాగానే వచ్చింది. దాని ముందు పటేల్ చేరిస్తే మాత్రం మాట అక్కడే ఆగిపోయేది. మళ్లీ మొదలుపెట్టేవాడు. నేను చూడనట్టే బియ్యం ఏరుకున్నాను.

పొద్దున్న వాన తెరిపిచ్చింది. కారిడార్ గ్రిల్లు నుంచి చుక్కలు రాలుతున్నాయి. ఎదురు తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో కుర్చీ వేసుకుని విమలమ్మ కూర్చుంది. ఆమె ముగ్గు ఇంకా తడిగా ఉంది.

పటేల్ మా గడప మీద. బాపు మెట్ల దగ్గర, చేతిలో కుక్క బెల్టుతో.

గొంతు సవరించుకున్నాడు. నేను తలుపు వెనక నుంచి చూస్తున్నాను.

"పటేల్" అన్నాడు. వెనక సాగే ఆ రాగం లేదు. తెగిపోయింది.

"రా."

వచ్చింది. ఆ మాట వచ్చింది! ఇన్నేళ్లూ గొంతులో అడ్డం పడి ఉన్నది, గోడకు తగిలి కారిడార్ అంతా మోగింది. మా బాపు! మా బాపు అన్నాడు! ఒళ్లంతా పొంగిపోయింది నాకు. బయటికొచ్చి రైట్ రైట్ అని అరవాలనిపించింది.

పటేల్ కదల్లేదు.

ఇంకెవరినో పిలుస్తున్నారన్నట్టు వాడు బాపు వెనకవైపు చూస్తున్నాడు. నిలబడిన చెవి నిలబడే ఉంది, వాలిన చెవి వాలే ఉంది.

"ఇన్నొద్దులు రాండ్రి రాండ్రి అని... ఒక్కపారి రా అంటే ఎట్లొస్తది?" అంది విమలమ్మ. ఆమె పెదవి వణికింది. నవ్వో ఏడుపో నాకు అందలేదు.

బాపు ఆమె వైపు తిరిగాడు. కారిడార్ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. గోడ ఆయనకు చాలా దూరంలో ఉంది.

"నేనే నేర్సుకున్న. అది నేర్సుకోదా?"

మళ్లీ కుక్క వైపు తిరిగాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"పటేల్... రా."