గూడూరు కిడ్ తోలుబెల్టు

నేను ఒక తోలుబెల్టును. ప్యాంటు జారకుండా ఆపే బాపతు కాదు. రెండు పక్కలా తుపాకీ ఒరలు, వెనక తూటాల వరస ఉన్న కౌబాయ్ బెల్టును. మద్రాసు పెరియమేటలో ఖాదర్ బాషా నన్ను కుట్టాడు. ఆయన ఏనాడూ గుర్రం ఎక్కలేదు, కౌబాయ్‌ని చూడలేదు. సినిమా కంపెనీవాళ్ళు ఇచ్చిన పోస్టరు ముందు పెట్టుకుని నన్ను తయారుచేశాడు. అయితేనేం, కెమెరాకు కనపడని చోట కూడా ఎద్దు లాగినా తెగని కుట్టు వేశాడు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

ఆ రోజుల్లో మన సినిమాల్లో కౌబాయ్‌లు చక్కటి తెలుగు మాట్లాడేవాళ్ళు. టెక్సాస్ ఎడారి అంటే ఊరవతల రాళ్ళ క్వారీ. అక్కడ నన్ను పెంచలయ్య నడుముకు కట్టారు. గూడూరు నుంచి వచ్చిన ఫైటరు, విలన్ ముఠాలో వెనక వరసవాడు. అతని పని చావడం. హీరో తుపాకీ పేలగానే గుండె పట్టుకుని, మోకాళ్ళు మడిచి, దుమ్ములో పడాలి. నా ఒరల్లో ఉన్నవి చెక్క తుపాకులు. వాటిని బయటికి తీసే అవకాశం కూడా అతనికి ఏ దర్శకుడూ ఇవ్వలేదు. అతను పడ్డప్పుడల్లా హాల్లో ఈలలు మోగేవట. అతని కూతురు కామాక్షి మాత్రం ముందు బెంచీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చేదట. మనుషులు టిక్కెట్టు కొనుక్కుని మరీ ఇంకొకడి చావుకు సంబరపడతారని నాకు అప్పుడే తెలిసింది.

కౌబాయ్ సినిమాల మోజు తీరిపోయాక పెంచలయ్య కంపెనీవాళ్ళను అడిగి నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. బీరువా పైన చాలా ఏళ్ళు పడి ఉన్నాను. కామాక్షి నర్సుగా టెక్సాస్‌లో స్థిరపడి, తల్లి పోయాక తండ్రిని తన దగ్గరికి తెచ్చుకుంది. అతని పెట్టెలో నేనూ వచ్చాను.

అసలు సిసలు కౌబాయ్‌ల గడ్డ కదా అని ఆశగా చూశాను. గుర్రాలు లేవు. ఉన్నదల్లా ఒక క్లబ్బు. నెలకో ఆదివారం రిటైరైన పళ్ళ డాక్టర్లు, బడిపంతుళ్ళు టోపీలు పెట్టుకుని, దొంగలకుండేటటువంటి పేర్లు తగిలించుకుని, పాతకాలం తుపాకులతో ఇనుప పలకలను కాలుస్తారు. తగిలితే పలక ఠంగుమంటుంది. ఎవరూ చావరు. కామాక్షికి ఆ సంగతి తెలియగానే తండ్రిని పట్టుకుంది.

“సినిమా సినిమాకీ నువ్వు పడిపోయిందే చూశా. ఒక్కసారన్నా నిలబడి కాల్చింది చూడాల నాయనా.”

“ఈ వయసులో నాకెందుకుమ్మా ఈ వేషాలు?” అన్నాడు గానీ, ఆ సాయంత్రమే నన్ను తీసి కొబ్బరినూనె పట్టించాడు.

కొత్తవాడు వచ్చాడంటే ఆ క్లబ్బువాళ్ళకు ఇంటికి కొత్తల్లుడు వచ్చినంత సంబరం. ఒకరు కళ్ళద్దాలు, ఒకరు చెవులకు మోత తగ్గించే డిప్పలు ఇచ్చారు. పక్కింటివాళ్ళకు కారు తాళం కూడా ఇవ్వని మనుషులు తమ తుపాకులు తెచ్చి అతని చేతిలో పెట్టారు. ప్రతివాడికీ ఒక మారుపేరు ఉండాలంటే, డెబ్బై దాటిన పెంచలయ్య ‘గూడూరు కిడ్’ అని రాయించుకున్నాడు. క్లబ్బు పెద్ద, తెల్లమీసాల పళ్ళ డాక్టరు, తుపాకీ జారుతుందేమోనని నన్ను పట్టుకుని గట్టిగా ఊపి చూసి సరేనన్నాడు. పోస్టరు చూసి కుట్టిన నన్ను టెక్సాస్‌వాడు పాసు చేశాడు!

తరవాత పాఠం. తుపాకీలో ఆరు గదులున్నా అయిదు తూటాలే నింపాలి, తూటాను పేల్చే సుత్తి ఖాళీ గది మీద ఆనాలి. వంతు వచ్చినప్పుడే, బల్ల దగ్గరే నింపాలి. తుపాకీ గొట్టం ఎప్పుడూ పలకల వైపే ఉండాలి. ఇంత నిష్ఠగా మనవాళ్ళు వ్రతాలు కూడా చేయరు.

పెంచలయ్య వంతు వచ్చింది. బజరు మోగింది. అతను తుపాకీ తీశాడో లేదో, పక్క జట్టు కాల్చే చోటికి అడ్డంగా పోసిన మట్టిగట్టు అవతల ఎవరిదో తుపాకీ ఢామ్మంది. అంతే! ఎడంచేయి గుండె మీదికి పోయింది, మోకాళ్ళు మడతపడ్డాయి. అతనితోపాటు నేనూ దుమ్ములో పడ్డాను. క్లబ్బు పెద్ద చటుక్కున మణికట్టు పట్టి గొట్టాన్ని పలకల వైపే ఆపాడు కాబట్టి సరిపోయింది. భుజం తట్టి, ఈ రోజుకు ఆట చాలని పంపేశాడు.

“నలుగుర్లో నగుబాటైతినే,” అన్నాడు పెంచలయ్య కార్లో. “తుపాకీ మోగితే చావడం తప్ప నాకేం తెలుసు?”

“అక్కడ నిన్నెవురూ కాల్చరు నాయనా,” అంది కామాక్షి.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పొట్టకూటి కోసం వచ్చిన బుద్ధి అంతకంటే మొండిది. కామాక్షి ఇంటి ముందుగదిలో తండ్రికి నన్ను కట్టి, చేతికి టీవీ రిమోట్ ఇచ్చి నిలబెట్టేది. వెనక నుంచి చెప్పాపెట్టకుండా స్టీలు కంచం మీద గరిటెతో ఢాం అని కొట్టేది. అతను సోఫాలో కూలబడేవాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళు. మళ్ళీ లేచేవాడు. పోనుపోను మోకాళ్ళు ఊగి ఆగేవి.

తరవాతి నెల మళ్ళీ అదే చోటు. కామాక్షి చూసేవాళ్ళకు కట్టిన తాడు అవతల పిడికిళ్ళు బిగించి నిలబడింది. బజరు మోగింది. మొదటి తూటా మట్టిని లేపింది. రెండోది ఠంగుమంది. సరిగ్గా అప్పుడే గట్టు అవతల ఒకటి వెంట ఒకటిగా తుపాకులు మోగాయి. పెంచలయ్య నడుము కుంగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అతని ఎడంచేయి గుండె దాకా లేచి, కాస్సేపు అక్కడే ఆగి, మెల్లగా దిగివచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. మడమలు నేలకు తన్నిపట్టి మిగతా తూటాలన్నీ కాల్చాడు. తుపాకీని నా ఒరలో పెట్టాడు. అది కాలుతోంది. చెక్క తుపాకులు మోసిన నాకు ఆ వేడి అంతవరకు తెలియదు. ఎంత హాయిగా ఉందో!

ఆ పోటీలో అందరికంటే ఆఖరివాడు గూడూరు కిడ్. తుపాకులు ఖాళీ చేసే బల్ల దగ్గర ఒక పెద్దావిడ నవ్వుతూ ఏదో అడిగింది.

“ఎట్టుంది అని అడగతా ఉంది నాయనా,” అంది కామాక్షి.

పెంచలయ్య టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. “ఇన్ని తుపాకులు మోగినాయి, అయినా నేను నా కాళ్ళ మీద ఇంటికి పోతా ఉండా. ఈ సీను నాకు ఎవురూ రాయలేదని చెప్పమ్మా.”

కామాక్షి ఆవిడ వైపు తిరిగింది. ముందు బెంచీలో కూర్చుని ఏడ్చిన రోజుల నుంచి మొదలుపెట్టి చెప్పింది.