కాశీలో వదిలిన కాఫీ

కాశీ వెళ్లొచ్చినవాళ్లని మన ఊళ్లలో ఎవరూ విశ్వనాథుడి దర్శనం బాగా అయిందా అని అడగరు. చెప్పులు విడుస్తూ గుమ్మంలోనే అడిగేది ఒక్కటే, అక్కడ ఏం వదిలేశారు అని. కాశీ వెళ్తే మనకి ఇష్టమైనదేదో ఒకటి వదిలి రావాలి, ఇక బతికున్నంతకాలం దాన్ని నోట పెట్టకూడదు. అదీ నియమం. నియమం ఎంత గట్టిదో, అందులోంచి తప్పించుకునే దారులు అంత విశాలంగా ఉంటాయి. విజయనగరంలో నువ్వులూ చింతపండూ టోకున అమ్మే జగన్నాధం గారు పొట్లకాయ వదిలేశారు. ఆయనకి పొట్లకాయంటే పుట్టిన దగ్గర్నుంచీ పడదు. పండు కూడా ఒకటి చెప్పమంటే రేగుపండు అన్నారు. పళ్లు కదిలే వయసులో రేగుపళ్లు ఎవరు తింటారు?

ఆయన భార్య మహాలక్ష్మమ్మ మాత్రం కాఫీ వదిలేసింది.

ఈ కబురు విని మూడు లాంతర్ల కూడలి దగ్గర వాళ్ల వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఎందుకో తెలియాలంటే మహాలక్ష్మమ్మ కాఫీ సంగతి తెలియాలి. అరవై ఏడు, అరవై ఎనిమిది ప్రాంతాల మాట ఇది. అప్పటికే ఆ వీధిలో కాఫీ కాచని ఇల్లు లేదు. కానీ ఆవిడ కాచినట్టు కాచిన ఇల్లూ లేదు. ఆవిడ పొడి కొనేది కాదు. పచ్చి గింజలు తెప్పించుకుని, బొగ్గుల కుంపటి మీద ఇనప మూకుడు పెట్టి, పక్క నుంచి కదలకుండా వేయించేది. రంగు తిరుగుతుండగా ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికేది. ఆ కొరుకుడులో ఏం తెలిసేదో గాని, చటుక్కున మూకుడు దింపేసేది. పీటకి బిగించిన చిన్న మరలో ఆ పూటకి కావలసినంతే విసిరేది. ఇత్తడి ఫిల్టరులో వేడినీళ్లు పోసి మూత పెట్టాక ఇక ఎవరు పిలిచినా పలికేది కాదు. దిగిన డికాషన్ ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలిక్కి తాకించుకుని, తల ఊపితేనే పాలు పొయ్యెక్కేవి.

తెల్లవారుజామున ఆ కాఫీ రెండు గ్లాసుల్లోకి వెళ్లేది. పెరటి వసారాలో దంపతులిద్దరూ కూర్చుని తాగేవారు. ఆ కాసేపూ జగన్నాధం గారికి కొట్టు గుర్తొచ్చేది కాదు, ధరలు గుర్తొచ్చేవి కావు. ఇంతకన్నా సుఖం ఇంకెక్కడుంది అనుకునేవారు. అనుకోవడమే కాదు, పైకి అనేవారు కూడా.

అలాగని ఆయన ఇంటి కాఫీకే కట్టుబడి కూర్చున్న మనిషి కాదు. బేరాల మీద పాతపట్నం సంతకో, శ్రీకాకుళానికో వెళ్లినప్పుడు బస్సు దిగగానే ముందు కాఫీ హోటలు, తర్వాతే షావుకార్లు. శ్రీకాకుళంలో ఒక ఉడిపి వాళ్ల హోటలుంది. అక్కడ మాస్టరు చెయ్యి పైకెత్తి గ్లాసులోంచి గ్లాసులోకి కాఫీ పోస్తుంటే, బల్లల దగ్గర ఇడ్లీలు తినేవాళ్లు కూడా తినడం ఆపి చూసేవారు. పాతపట్నంలో మాస్టరు పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒడియా ఆయన. పాలు ఎర్రబడేదాకా కాచి, మీగడ ముక్క పైన తేలేట్టు ఇచ్చేవాడు. తాగితే భోజనం చేసినట్టుండేది. ఇంటికి రాగానే జగన్నాధం గారు కాళ్లయినా కడుక్కోకుండా ఆ కాఫీల సంగతి భార్యకి వర్ణించేవారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు హోటళ్లకి వెళ్లడమనేది ఆ రోజుల్లో లేదు. ఒకసారి ముచ్చటపడి ఫ్లాస్కులో పోయించుకుని బస్సులో పట్టుకొచ్చారు. ఆవిడ ఒక గుక్క తాగి, ఇది శ్రీకాకుళం కాఫీ కాదు, ఫ్లాస్కు కాఫీ అని పక్కన పెట్టేసింది. ఆ నాలిక అలాంటిది మరి.

కాశీ ప్రయాణానికి కట్టిన మూటల్లో ఒక పాత చీరలో చుట్టిన ఫిల్టరు, కాఫీపొడి డబ్బా, వత్తుల స్టవ్వు ఉన్నాయంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. బరంపురం దాకా ప్లాట్‌ఫారాల మీద కాఫీ కాఫీ అన్న కేక వినపడింది. ఖుర్దారోడ్డు దాటేసరికి అది చాయ్ చాయ్ అయింది. జగన్నాధం గారు ధైర్యం చేసి మట్టి ముంతలో ఒకటి పుచ్చుకున్నారు. ముంత వాసన బాగుంది, అందులో పోసినదే బాగులేదు అని తీర్పు చెప్పారు. కాశీలో తెలుగువాళ్ల సత్రంలో మహాలక్ష్మమ్మ స్టవ్వు వెలిగించి కాఫీ పెడితే, ఆ వాసనకి మేడ మీద గదిలో దిగిన నెల్లూరు తాసిల్దారు గారొకాయన తన గ్లాసు తనే పట్టుకుని కిందికి దిగొచ్చారు. తాగి, అమ్మా, ఇక్కడికి వచ్చాక నాకు మొదటి దర్శనం ఇదే అన్నారు. జగన్నాధం గారి ఛాతీ ఉప్పొంగిపోయింది.

మర్నాడే గంగలో ఆ మాట జరిగింది. రేవులో సంకల్పం చెప్పించే పండా మన భాష వచ్చినవాడే. ఒక పండూ ఒక కూరా చెప్పమ్మా చాలు అన్నాడు. మహాలక్ష్మమ్మ మొలలోతు నీళ్లలో నిలబడి, దోసిట్లో గంగ పట్టుకుని, పండ్లంటే, కూరలంటే నాకు పెద్ద ఇష్టాలేమీ లేవు నాయనా, ఇష్టమైనది కాఫీ ఒక్కటే, అది వదిలేస్తున్నాను అంది. జగన్నాధం గారు ఆపడానికి నోరు తెరిచేలోపే దోసిట్లో నీళ్లు గంగలో కలిసిపోయాయి. ఎందుకు చేశావే ఇంత పని అని తిరుగు ప్రయాణంలో దారి పొడుగునా అడిగారు. ఇష్టమైనది వదలమన్నప్పుడు ఇష్టమైనదే వదలాలి గాని, దేవుడి ముందు నిలబడి అబద్ధమాడమంటారా అందావిడ. పొట్లకాయ గుర్తొచ్చి ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఇంటికొచ్చిన మర్నాడు తెల్లవారుజామున కుంపటి రాజుకుంది. ఆవిడ అలవాటుగా ఒక గింజ పంటి దాకా తీసుకెళ్లి, చటుక్కున గుర్తొచ్చి, మళ్లీ మూకుట్లో పడేసింది. గింజ కొరికినా కాఫీ తాగినట్టే అని ఆవిడ లెక్క. జగన్నాధం గారు వసారాలోంచి అదంతా చూశారు. ఆ పూట ఒక్క గ్లాసే వచ్చింది. ఎలాగున్నాది అని అడిగింది ఆవిడ. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆ మాట అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. బాగుందన్నారాయన. నిజంగానే బాగుంది. రుచి చూడకుండా కేవలం కంటితోనూ చెవితోనూ గింజని అదుపులో పెట్టిన ఆ చేతిని చూసి ఆయన లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నారు.

వానలు మొదలయ్యాక చిక్కొచ్చింది. గింజలు కొత్త బస్తాలోవి, పైగా చెమ్మ పట్టాయి. మూకుట్లో ఎప్పటిలా చిటపటమనలేదు. ఆవిడ దింపడం ఆలస్యమైంది. గ్లాసు అందిస్తూనే, మాడినట్టు వాసనొస్తన్నాది, మాడినాదా అని అడిగింది. మాడింది. నాలిక మీద పెట్టగానే తెలిసింది. కానీ ప్రాణంలాంటి కాఫీని దేవుడికిచ్చేసి, మొగుడి కోసం పొగలో కూర్చుని కాచిన మనిషితో నువ్వు దీన్ని కూడా పాడుచేశావని ఎలా చెప్పడం? మాడలేదు, దివ్యంగా ఉంది అనేశారు. అదీ ఆయన మొదటి అబద్ధం.

తర్వాత రెండు రోజులకి కాఫీ మళ్లీ అద్భుతంగా కుదిరింది. అప్పుడూ అదే గొంతుతో, దివ్యంగా ఉంది అన్నారు. ఇక ఆవిడకి దారి తప్పిపోయింది. ముక్కు ఒకటి చెప్తోంది, మొగుడు ఇంకొకటి చెప్తున్నాడు. ఆవిడ ముక్కుని కాదని మొగుణ్ణి నమ్మింది. కొన్నాళ్లు మాడ్చి వేయించింది, కొన్నాళ్లు పచ్చిగా దింపేసింది. పొడిలో కలిపే చికోరీ పెంచింది, తగ్గించింది. ప్రతి పూటా గ్లాసిచ్చి ఆయన ముఖంలోకి చూసేది, ఆయన ప్రతి పూటా దివ్యమనేవారు. శ్రావణమాసం వచ్చేసరికి ఆ ఇంట్లో కాఫీ, కళ్లు మూసుకుని మింగే మందైపోయింది. వీధికంతటికీ ఆదర్శమైన కాఫీ అలా పాడైపోతుంటే ఆయన గుండె తరుక్కుపోయేది. చెప్తే ఆవిడ గుండె పగులుతుందని భయం.

చివరికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. పొద్దున్నే కూరలకని సంచి పట్టుకుని బయల్దేరి, గంటస్తంభం దగ్గర కొత్తగా పెట్టిన హోటలుకి వెళ్లి, ఒక మూల బల్ల దగ్గర కూర్చుని ఒక కాఫీ తాగేవారు. మంచి కాఫీ అది. తాగుతుంటే ప్రాణం లేచొచ్చేది, తాగాక సిగ్గేసేది. ఏదో చెయ్యకూడని పని చేసినవాడిలా అటూ ఇటూ చూసి, కండువాతో మీసం తుడుచుకుని, లవంగం బుగ్గన పెట్టుకుని, వంకాయలు కొనుక్కుని ఇంటికొచ్చి, రెండో కాఫీ తాగి దివ్యంగా ఉందనేవారు. పాతికేళ్లకి పైగా కాపురం చేసి ఆ మనిషి భార్య దగ్గర దాచిన రహస్యం అదొక్కటే.

ఒకరోజు సంచి అందుకోబోతూ, ఆయన కండువా మీద కాఫీ వాసన తగిలి మహాలక్ష్మమ్మ ఆగిపోయింది.

"గంటస్తంభం దగ్గర తాగొచ్చినారు," అంది.

లేదే అన్నారు జగన్నాధం గారు. లవంగం మాత్రం గబుక్కున మింగేశారు.

"తాగితే తప్పేటి? మీరు తాగని ఊరున్నాదా? తాగొచ్చిన ప్రతీసారీ అడక్కుండానే సెప్పేవోరు. ఇది ఎందుకు సెప్పలేదు?"

ఆయన సంచిలో వంకాయలు సర్దసాగారు. ఆవిడ లోపలికి వెళ్లి, ఆయన కోసం కలిపి ఉంచిన గ్లాసు పట్టుకొచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది. ఇది మాడినాది, కదా అని అడిగింది. ఆయన తల ఊపారు. నిన్నటిదో అంది. మళ్లీ తల ఊపారు. వానలు పడ్డ దగ్గర్నుంచీ ఇంతేనా అంది. దాదాపుగా అంతే అన్నారాయన, కండువా అంచు నలుపుకుంటూ. ఆవిడ అలాగే వసారా మెట్టు మీద కూర్చుండిపోయింది. నా ముక్కు పాడైపోయినాదనుకున్నాను, వయసుతో అన్నీ పోతన్నాయి, ఇదీ పోయినాదనుకున్నాను అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ కూడా గట్టిగా నిలబడ్డ మనిషి. ఆయన కంగారుగా పక్కన కూలబడ్డారు. అంత ఇష్టమైనది వదిలేసుకున్నావు, దానికి వంక పెట్టడానికి నాకు నోరు రాలేదు అని నిజం చెప్పేశారు.

"నేను వదిలింది తాగడం," అంది మహాలక్ష్మమ్మ. "కాఫీని ఎవరు వదిలినారు? శ్రీకాకుళం హోటలు గడప నేను తొక్కినానా? పాతపట్నం ఒడియా మాస్టరు మొఖం నేను సూసినానా? మీరొచ్చి సెప్తంటే ఇక్కడ కూకొని తాగీదాన్ని. ఇదీ అలాగే తాగొచ్చు, మీ నాలికున్నాదిలే అన్న ధైర్యంతోనే గంగలో నిలబడి ఆ మాటన్నాను. మీరు బాగుంది బాగుంది అని, ఆ ఒక్క గుక్కా నాకు లేకుండా సేసినారు."

జగన్నాధం గారికి ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. తను జాలి చూపిస్తున్నాననుకున్నారు ఇన్నాళ్లూ. ఈవిడ ఏం నమ్ముకుని అంత పెద్ద మాట అందో ఒక్కనాడూ ఆలోచించలేదు. గ్లాసు అందుకుని, ఒక గుక్క తీసుకుని, మింగకుండా నోట్లో ఉంచుకుని, తర్వాత మింగారు.

"మాడింది. చేదు గొంతులో కూర్చుంది, కిందికి దిగట్లేదు. చికోరీ ఎక్కువైంది, అసలు గింజ రుచి ఎక్కడా లేదు. పాలు బాగున్నాయి, పాపం వాటి తప్పేం లేదు. పంచదార దండిగా వేసి చేదు కప్పెట్టాలని చూశావు. ఇది కాఫీ కాదే, కషాయం."

ఆయన చెప్తుంటే ఆవిడ ముఖం మాటమాటకీ తేటపడుతూ వచ్చింది. చెమ్మ గింజ, ముందు ఎండలో ఆరబెట్టి ఉండాల్సింది అంది తనలో తను. లేచి వెళ్లి డబ్బాలో మిగిలిన వేయించిన గింజలన్నీ పెరట్లో అరటిమొక్కల మొదట్లో పోసేసింది. కొత్తగా గింజలు చేటలో పోసి, ఏరడానికి ఆయన పక్కనే కూర్చుంది. కొట్టు తెరిచే వేళ దాటిపోతున్నా ఆయన కదల్లేదు.

"గంటస్తంభం కాఫీ ఎలాగున్నాది?" అని అడిగింది.

ఆయన మొహమాటపడ్డారు. ఆవిడ గింజలు ఏరడం ఆపి, మొదటి గుక్క దగ్గర్నుంచి చెప్పమంది. జగన్నాధం గారు మొదలెట్టారు. నురగ పల్చగా ఉంటుందన్నారు. పెదవికి తగలగానే వేడి సరిగ్గా చాలినంతే ఉంటుందన్నారు. ముందు పాలు తెలుస్తాయి, ఆ వెనకే మెల్లిగా గింజ లేస్తుంది, నాలిక చివర చిన్న పులుపు, అది అడ్డం రాదు, అది ఉంటేనే బాగుంది అన్నారు. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. రెండో గుక్కలో చేదు ఎలా వచ్చి ఎలా కరిగిపోతుందో ఆయన చెప్తుండగా, మహాలక్ష్మమ్మ గుటక వేసింది.