ఎర్ర గుడ్డ కట్టిన చెట్లు

పడవ మడ అడవిలోకి తిరగగానే బద్రియా తెడ్డు ఆపింది. "మునీరా, రేపు బడిలో నువ్వు చెప్పే లెక్క ఏంటో ఇంకోసారి చెప్పు."

ఇరాన్ తీరంలోని కెష్మ్ దీవిలో మడచెట్ల మీద డాక్టరేటు చేస్తున్న మొదటి ఆడపిల్ల మునీరా. ఊరివాళ్లు ఒంటెలకూ మేకలకూ ఆకు కోసే చోట ముప్పై చెట్లు, ఎవరూ కోయని చోట ముప్పై చెట్లు ఎంచుకుని, మండే ఎండలో మూడేళ్లు కొలిచింది.

"రెండూ ఒకేలా పెరిగాయమ్మా. కోతతో నష్టం లేదని తేలింది. ఆకు కోస్తే అడవి పాడవుతుందని ఇక మన కొడవళ్లకి ఎవరూ అడ్డు చెప్పలేరు."

"కోసే చోట చెట్లకేగా ఎర్ర గుడ్డలు కట్టావు?"

"గుర్తుకి."

"పిచ్చిదానా, గుడ్డ కట్టిన చెట్టు కట్టినవాళ్లది. నీ కోసం దాచుకున్నావనుకుని నాతో సహా ఒక్కరూ ఆకు ముట్టలేదు."

మునీరా చెట్ల మీది ఎర్ర గుడ్డల వైపు తిరిగింది. పదేళ్లప్పుడే చదువుకని బందర్ అబ్బాస్ పట్నం వెళ్లిన పిల్ల, తాతల నాటి కట్టుబాటు మరిచిపోయింది. కోత పడని చెట్లనే కోసిన చెట్లనుకుని కొలిచింది. లెక్క తప్పిన సంగతి ఇద్దరికే తెలుసు. నోరు మూసుకుంటే పట్టా వస్తుంది, ఊరికి మేతా మిగులుతుంది. బద్రియా ఆ మాట అనలేదు గానీ, మనసులో అనుకోలేదంటే అబద్ధమే.

మర్నాడు బడి నిండిపోయింది. టెహ్రాన్ నుంచి వచ్చిన ప్రొఫెసరు ముందు వరసలో కూర్చున్నాడు. మునీరా లేచి నిలబడింది.

"నా లెక్క తప్పు. తప్పు నాది, చెట్లది కాదు." గుడ్డల సంగతంతా చెప్పింది.

వెనక నుంచి పొరుగింటి జర్‌ఖాతూన్ అందుకుంది. "ముప్పై చెట్లు కట్టేసుకున్నారు, తల్లీకూతుళ్లకి ఎంత ఆశో అని మూడేళ్లు తిట్టుకున్నాం కదే బద్రియా. ముందే చెప్పి చావొచ్చుగా."

బడంతా నవ్వింది. ప్రొఫెసరు నవ్వలేదు. "చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదమ్మా. మళ్లీ మూడేళ్లు పడుతుంది."

"పట్టనివ్వండి. నాకు తెలుసు కదా సార్."

ఆ దీవి ఆడవాళ్లు వేసుకునే ముఖతొడుగు వెనక బద్రియా కళ్లు నిండాయి. పట్టా తెచ్చినా ఇంత గర్వం కలిగేది కాదేమో. నిన్న తనకు వచ్చిన ఆలోచనకు మాత్రం సిగ్గుపడింది.

సాయంత్రం సముద్రప్పోటుకి నీళ్లు ఎక్కగానే ఆడవాళ్లంతా పడవలెక్కారు. ఈసారి గుర్తుకు మొదళ్ల దగ్గర రేకు బిళ్లలు పెట్టారు. బద్రియా మొదటి గుడ్డ విప్పి కొడవలి ఎత్తింది.

"ఎంత కొయ్యను?"

"రోజూ ఎంత కోస్తావో అంతే అమ్మా." మునీరా రాసుకోసాగింది.

కోత అయ్యాక బద్రియా ఆ ఎర్ర గుడ్డను కూతురి మణికట్టుకు గట్టిగా ముడి వేసింది.

"చూడండే," అంది అందరివైపూ తిరిగి, "ఇది మాత్రం నాది."