పిడి అందని ఇందుజ

పది గుంటలున్న టేకు దిమ్మను నేను. ఒక్కో గుంటలో ఒక్కో కొలత గుండ్రటి చెక్కముక్క, పైకి తీయడానికి దానికో చిన్న పిడి. రాజమండ్రి వడ్రంగి ఒకాయన నన్ను నున్నగా చిత్రిక పట్టి కాకినాడలోని ఒక మాంటిస్సోరి బడికి పంపాడు. అక్కడ నాకు కాస్త పొగరెక్కింది. పిల్లలు ముక్కను తప్పు గుంటలో పెడితే అది సరిగ్గా ఇమడదు, అలా నేనే పట్టించేస్తాను మరి. టీచరు నోరు మెదపక్కర్లేదు.

ఇందుజ వచ్చాక ఆ పొగరు దిగిపోయింది. ఆరేళ్ల పిల్ల. మాటలు ఆలస్యం, వేళ్లలో పట్టు తక్కువ. పిడి పట్టుకోబోతే జారిపోయేది. రోజూ నన్ను ముందు పెట్టుకుని ముక్కల్ని నిమురుతూ కూర్చునేది. సువర్చల టీచరు దూరం నుంచి చూసి, "ఎంత ఏకాగ్రతో!" అని మురిసిపోయేది. అది ఏకాగ్రత కాదనీ, చేతకాక ఆగిపోవడమనీ నా అనుమానం. చెప్పడానికి నాకు నోరేదీ?

తల్లి రత్నకుమారికీ అదే అనుమానం. పాత బడిలో పిల్లను వెనక బెంచీ మీద వదిలేశారు. ఇక్కడ బెంచీలే లేవు. కానీ పట్టించుకోకపోవడానికే వీళ్లు స్వేచ్ఛ అని పేరు పెట్టుకున్నారేమోనని ఆమె భయం. ఒకరోజు నేరుగా లోపలికి వచ్చేసి, కూతురి వేళ్లలోంచి పిడి జారిపోవడం చూసింది.

"మా అమ్మాయికి ఏం నేర్పుతున్నారండీ?"

"పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారండీ. మధ్యలో మనం చెయ్యి పెట్టకూడదు," అంది టీచరు మెల్లగా.

"తనంతట తాను నేర్చుకునే పిల్లయితే మీ కాళ్లావేళ్లా పడి సీటు అడుగుతానా? ఆ పిడి దానికి అందుతోందో లేదో ఒక్కసారైనా దగ్గరికొచ్చి చూశారా?"

టీచరు ముఖం ఎర్రబడింది. అయినా వచ్చి చాప మీద కూర్చుంది. ఇందుజ వేళ్లు జారడం అప్పుడే చూసింది. ఆ సాయంత్రం నా పిడులన్నిటికీ గుడ్డపేలికలు చుట్టి దారం కట్టింది. ఆ వేషంతో అలమరలో కూర్చోవడం నాకు నామోషీగానే ఉండేది. మర్నాటి నుంచి టీచరు ఇందుజ చేతి మీద తన చెయ్యి వేసి ఒక్కో ముక్కా లేపించింది.

వానాకాలం దాటిపోయింది. ఒక ఉదయం లావుపాటి ముక్క దగ్గర ఇందుజ ఆగి, టీచరు చేతిని పక్కకు తోసేసింది. నాలుక బయటపెట్టి, రెండు చేతులతో లాగింది. ముక్క ఊడి వచ్చింది.

"నేనే!" అంది.

సంగతి విని రత్నకుమారి కళ్లు తుడుచుకుంది. ఆ వెంటనే అడిగింది: "రేపు మీరు మానేస్తే దీని పక్కన ఎవరు కూర్చుంటారండీ?"

టీచరు నా పిడికి వదులైన పేలికను మళ్లీ బిగించి కట్టింది. ఎవరు కూర్చుంటారో నాకూ తెలియదు. ఆ రోజు ఇందుజ లావుపాటి ముక్కను చంకలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది. నా గుంటల్లో ఒకటి ఇప్పటికీ ఖాళీయే. టీచరు తిరిగి ఇమ్మని అడగలేదు. నాకూ అడగాలని లేదు.