వాయిదా పడ్డ రోజు పువ్వు
ఆ విత్తన కంపెనీ షేర్లు కొందామని ఊళ్లో మొదట నోరు విప్పింది వసంతే. గద్వాల చుట్టుపక్కల చేలల్లో పత్తి విత్తనం పండించి అంతా ఆ కంపెనీకే పోసేవాళ్లు. “మన చెమటతోని నడిచే కంపెనీ మనల్నెట్ల ముంచుతది?” అని ఆమె అంటే నిజమే కదా అనుకుని వరసకు అత్తయ్యే పక్కచేని కిష్టమ్మ కొంది, ఇంకో పదిళ్ల వాళ్లూ కొన్నారు.

కంపెనీ ముంచనే ముంచింది! విత్తనం మొలకెత్తడం లేదన్న సంగతి దాచిపెట్టి, అంతా బాగుందని తన ఆఫీసరును పంపి ఊరూరా చెప్పించింది. రెండు వేల ఎనిమిదిలో గుట్టు బయటపడగానే షేరు ధర పాతాళానికి పోయింది. ఊరంతా వసంత మీద విరుచుకుపడింది. కిష్టమ్మ అయితే ఆమెతో మాటే మానేసింది.

వసంత ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. నష్టపోయినవాళ్లు హైదరాబాదులో వేసిన కేసులో చేరింది. ఊళ్లో ఇంకెవరూ సంతకం పెట్టలేదు. “కంపెనోల్ల మీద కోర్టుకెక్కితే రేపు మనకు ఏసేటందుకు విత్తనమెవడిస్తడు, పండింది ఎవడు కొంటడు?” అని కిష్టమ్మ అందరినీ ఆపేసింది.

మరుసటి ఏడు సాక్ష్యం చెప్పాల్సిన వాయిదా సరిగ్గా క్రాసింగ్ రోజుల్లో, అంటే పువ్వుకు పువ్వు రుద్ది విత్తనం కట్టించే రోజుల్లో పడింది. సాయంత్రం మొగ్గ ఒలిచి పుప్పొడి తీసేస్తే, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి రుద్దాలి. ఆ పూట దాటిందా, పువ్వు దండగే. అలిగిన ఊళ్లో ఆమె చేనికి కూలికి వచ్చేవాళ్లే లేరు.

“నువ్వు పోతే నేనొక్కన్ని ఏం జేస్త?” అన్నాడు భర్త మాసయ్య.

“పోకుంటే, నేనే ముంచిన్నని ఊరు జిందగంత అంటది. పంట పోతే పోనీ, పోయొస్త.”

అన్నదే గానీ తెల్లవారి చేను పక్క నుంచి బస్సుకు నడుస్తుంటే ఆమె అడుగు నెమ్మదించింది. అటు చూడకూడదనుకుంటూనే చూసింది. సాళ్ల మధ్య నలుగురు ఆడవాళ్లు వంగి పువ్వులు రుద్దుతున్నారు. ముందు కిష్టమ్మ!

“అత్తా! నువ్వా?”

“నీ మీద కోపం పోలే. పువ్వేం పాపం జేసిందే?”

వసంత గట్టు మీదే ఆగిపోయింది.

“గట్ల నిలబడ్తవేంది, బస్సు పోతది! ఆ ఆఫీసరు నా చేన్ల నిలబడి గూడ గదే అబద్ధం చెప్పిండు. నా పేరు తీసి చెప్పు.”

“మరి విత్తనమియ్యరంటివి కదత్తా?”

“ఇయ్యకుంటే జొన్నలేస్త. వచ్చే వాయిదాకు నేను పోయి చెప్త. ఆ పూట నువ్వొచ్చి నా చేన్ల పువ్వు రుద్దు.”