రెండు బజర్ల తలుపు

ఆ ఉదయం విమానాశ్రయంలో తనిఖీ దగ్గరే నాకు ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్లుగా విమానాల్లో ఎయిర్‌హోస్టెస్‌గా పనిచేస్తున్నదాన్ని, మెడలో పాసు వేలాడుతున్నదాన్ని, బూట్లు విప్పించి జడ కూడా తడిమి చూశారు. చేతులకు రాసుకునే క్రీము వంద మిల్లీలీటర్లు దాటిందని చెత్తబుట్టలో పడేశారు. నా వెనకే మా తమ్ముడు నవ్వుతున్నాడు. ఆ విమానానికి వాడే కెప్టెన్.

"నవ్వరా, నవ్వు. వీపు విమానం మోత మోగిస్తాను," అన్నాను.

"రూలక్కా. రూలంటే నీకెందుకంత కడుపుమంట?"

వాడు అనకూడని మాట అది. పైలట్ల గది తలుపు లోపల మీట నొక్కితేనే తెరుచుకుంటుంది. బయటనుంచి మేము ఫోన్ చేసి, ఆ రోజుకి అనుకున్న మాట చెప్పాలి. లోపలివాళ్లు కెమెరాలో చూసి మీట నొక్కాలి. కప్పు టీ కోసం అంత తతంగం ఎవరు చేస్తారు? నేను బజర్ రెండుసార్లు నొక్కేదాన్ని. నాలుగైదు సెకన్లలో తమ్ముడు తలెత్తకుండానే మీట నొక్కేవాడు. పక్కనుండే కోపైలట్ మొదట్లో గొణిగి, తర్వాత అలవాటుపడిపోయాడు.

మొదటి వరసలోని బట్టతలవాడు ఆ రోజు రెండుసార్లు ఇది చూశాడు. "థాంక్యూ అమ్మా" అంటూ నేనిచ్చిన మంచినీళ్లు కూడా తాగాడు. మూడోసారి నేను టీ కప్పు పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లేసరికి నా జడ వాడి గుప్పిట్లో ఉంది.

నా మొహాన్ని తలుపుకేసి బాదాడు. ముక్కు విరిగింది. మెడ చుట్టూ మోచెయ్యి బిగించి, రెండో చేత్తో బజర్ నొక్కాడు. ఒకసారి. మళ్లీ ఇంకోసారి.

నా పైప్రాణాలు పైనే పోయాయి. మా బద్ధకం వల్ల నూట నలభై మంది చావబోతున్నారు. వాడి చేతిని కండ ఊడేలా కొరికాను. పట్టు సడలగానే గోడకున్న ఫోన్ లాగాను.

"ఒరేయ్, తెరవొద్దు. నన్ను చంపినా సరే, తెరవొద్దు."

తలుపు తెరుచుకోలేదు. బట్టతలవాడికి పిచ్చెక్కిపోయింది. ఆ ఫోన్ తీగనే నా మెడకు చుట్టాడు. "తెరవమను, తెరవమని చెప్పు" అంటూ మాటకో గుద్దు గుద్దాడు. రెండు పళ్లు ఊడిపోయాయి. కడుపులో తన్నితే కింద కూలబడ్డాను, మళ్లీ జుట్టు పట్టి లేపి తన్నాడు. రిసీవర్ నా చెంప పక్కనే వేలాడుతోంది. లోపల తమ్ముడికి అంతా వినిపిస్తోందని నాకు తెలుసు. నా కేకలు ఆపుకుందామనుకున్నాను కానీ నావల్ల కాలేదు.

ప్రయాణికులు సీట్లకు అతుక్కుపోయారు. మేమంతా పొట్టి అని పిలిచే జూనియర్ పిల్ల విమానం చివరినుంచి పరుగెత్తుకొచ్చి, సలసల కాగే నీళ్లు వాడి మొహాన కొట్టింది. వాడు మొహం పట్టుకుని పడిపోయాక లేచారు మన మగమహారాజులు. ఇక తన్నడమే తన్నడం. పొట్టి అడ్డుపడకపోతే వాణ్ణక్కడే చంపేసేవాళ్లు.

విమానం క్షేమంగా దిగింది. నన్ను ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు తమ్ముడు వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఒక్కరోజులో పదేళ్లు మీదపడినట్టున్నాడు.

"రెండు బజర్ల సంగతి విచారణలో చెప్పేశానక్కా. మనిద్దరి ఉద్యోగాలూ పోయినట్టే."

"పోతే పోనీ."

"నా చెయ్యి మీట మీదికి పోకుండా తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేకపోయాను. నువ్వు కేకేసినప్పుడల్లా..."

వాడు ఏడ్చాడు. నాకు జాలి వేయలేదు, కోపం వచ్చింది. తెరవొద్దన్నది నేనే. తెరవకపోవడమే నూటికి నూరుపాళ్లు సరైన పని. అయినా ఆ దెబ్బలు తింటున్నంతసేపూ, మా తమ్ముడు ఆ తలుపు తెరుచుకుని వస్తాడనే ఎదురుచూశాను.

"మంచి పని చేశావురా," అన్నాను.

పళ్లు లేక మాట ముద్దగా వచ్చింది. వాడు కళ్లు తుడుచుకుని నా మీదికి వంగాడు.

"ఏంటక్కా? ఇంకోసారి చెప్పు."

నేను చెప్పలేదు.