నాలుగు పక్కన ముప్పైరెండు

అక్షరాల్లో నా కన్ను తప్పించుకున్న తప్పు ఇంతవరకూ పుట్టలేదు. ముప్పైనాలుగేళ్ళు ఒకే అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాను. కామా తోక వంకరగా పడితే మేడ మీదినుంచే వాసన పట్టేస్తానని చెప్పుకునేవాళ్ళు. చెప్పుకున్నది నేనే అనుకోండి, కానీ ఎవరూ కాదనలేదు. ఒక డాక్టరుగారి పుస్తకంలో “మందు పడ్డాక రోగి మూడో రోజున లేచి, పోయాడు” అని అచ్చవబోతుంటే, పరిగెత్తుకెళ్ళి మిషను ఆపించి, ఆ కామా పీకి, “నడిచాడు” అని పెట్టించి ఆయన పరువు కాపాడింది నేనే. అప్పట్నుంచి నాకు కామా అన్న పేరే ఖాయమైపోయింది. ఇప్పటికీ వీధిలో తెలిసినవాళ్ళు నా దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగి మరీ ముందుకు సాగుతారు.

చదివింది ఊరిబడిలో. మా మాస్టారికి అంకెల వరసంటే ప్రాణం. రెండు తర్వాత ఏడు రాశామంటే వేళ్ళ కణుపుల మీద రూళ్ళకర్ర పడేది. అందుచేత అంకెలు వరస తప్పి కనబడితే ఈ వయసులో కూడా నా వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. కొంప ముంచింది ఇదే.

మా ఆవిడ టైలరు. వెనక వీధిలోని కుట్టు సెంటరులో ఇరవైఆరేళ్ళుగా సుద్దముక్కా, టేపూ పట్టుకుని కటింగు నేర్పుతోంది. ఆ సెంటరు ఇన్‌ఛార్జిని అందరూ ఇస్త్రీగారంటారు. ఆయన చొక్కా మీద ముడత ఉండదు, ముఖం మీద అసలే ఉండదు. కోపం ముడతా లేదు, నవ్వు ముడతా లేదు. ఆ ఇస్త్రీగారు ఒకరోజు నాలుగు కంప్యూటర్లు దింపించి, “సోమవారం నుంచి కటింగు వీటి మీదే చెప్పాలమ్మా. మొదటి క్లాసు నేనూ చూస్తాను. మీవల్ల కాకపోతే కంప్యూటరు వచ్చినవాళ్ళని పెట్టుకుంటాం” అన్నాడు. మా ఆవిడ ఆ రాత్రి అన్నం సగంలో లేచింది. ఇరవైఆరేళ్ళ కుర్చీ మరి.

కంప్యూటరు మీద చొక్కా కటింగు గీతలు గీయడానికి ఒక సాఫ్ట్‌వేరు ఉంది. దానికి యజమానంటూ ఎవరూ లేరు. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికి చేతనైన మరమ్మతు వాళ్ళు చేసిపెట్టొచ్చు. దాన్నెలా వాడాలో చెప్పే పాఠం వికీలో, అంటే ఎవరైనా దిద్దగలిగే పేజీలో, ఇంగ్లీషులో ఉంది. ఆ పేజీల అనువాదాల బాగోగులు చూసేది మా చెల్లెలి కూతురు. ఈ కంప్యూటర్లు దిగకముందే ఒకరోజు, “మామయ్యా, ఖాళీగా ఉండి అత్తయ్యని విసిగించే బదులు ఆ పాఠం తెలుగు చెయ్యరాదూ?” అంది. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు. మాట్లాడితే మాత్రం వినేవాళ్ళకి జ్వరమొస్తుంది. రెండు నెలలు కూర్చుని పాఠమంతా తెలుగు చేశాను. ఒక బొమ్మ, కింద ఒక పేరా, మళ్ళీ ఒక బొమ్మ, కింద ఒక పేరా. మొత్తం ముప్పైఒక్క పేరాలు. మా ఆవిడ సోమవారం చెప్పాల్సింది ఆ పేజీ చూపించే.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుని, మౌసుని కాలుతున్న ఇస్త్రీపెట్టెలా రెండు వేళ్ళతో పట్టుకుని, పాఠం వల్లె వేసుకుంటోంది.

“ఏమండీ, ఇందులో కుట్టుకి అర అంగుళం వదలమని ఎక్కడా లేదే! ఇలాగే కత్తిరిస్తే ఆ చొక్కా తొడుక్కున్నవాడు ఊపిరి పీల్చకూడదు.”

“దానికేముంది, ఇప్పుడే చేరుస్తా. క్లాసు పదకొండింటికి కదా. ఈలోగా ముప్పై చొక్కాలకి సరిపడా చేరుస్తా.”

ఇంగ్లీషు పేజీ దిద్దుబాటుకి తెరిచాను. నాలుగో పేరా కింద మూడు వాక్యాలు రాశాను. అప్పుడు పడ్డాయి నా కంట్లో ఆ అంకెలు. ప్రతి పేరా నెత్తిన కోణాల బ్రాకెట్లలో టి అని ఒక అక్షరం, దాని పక్కన అంకె. చదివేవాళ్ళకి కనబడవు, దిద్దేవాళ్ళకే కనబడతాయి. చూద్దును కదా, టి-నాలుగు తర్వాత టి-పంతొమ్మిది, దాని తర్వాత టి-ఆరు, ఆపైన టి-ఇరవైఏడు! నా వేళ్ళు ముడుచుకున్నాయి. మాస్టారు బల్ల వెనక నిలబడ్డట్టే అనిపించింది. ఎవడో చదువు లేనివాడు చేసిన పని అనుకుని, కొత్త పేరాకి ఐదు పెట్టి, మిగతావాటిని ఆరు, ఏడు, ఎనిమిది అంటూ చివరిదాకా ముత్యాల్లా వరసలో పేర్చాను. ఏం మార్చారో చెప్పమన్న గడిలో “చిన్న సవరణ” అని రాసి భద్రపరిచాను.

పేజీ మారినప్పుడల్లా మా మేనకోడలు చూసి, సరేనని ఒక మీట నొక్కితేనే ఆ మార్పు తెలుగు పేజీకి చేరుతుంది. ఆఫీసు బస్సులో నిలబడి ఉందట. ఫోనులో సందేశం పంపింది: “నువ్వు దిద్దాక ఇంక నేను చూసేదేముంది మామయ్యా! నొక్కేశా.”

నేను కాలరు ఎగరేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళానో లేదో, ముందు గదిలోంచి కేక.

“ఏమండీ! కాలరు బొమ్మ కింద ‘దీన్ని చెత్తబుట్టలోకి లాగండి’ అని ఉందేంటండీ?”

పరిగెత్తాను. గుండీల బొమ్మ కింద ప్రింటరులో కాగితం పెట్టమంటోంది. చెయ్యి బొమ్మ కింద జేబు గురించి ఉంది. ముప్పైఒక్క పేరాలూ రైలు కదిలిపోతుంటే తలో పెట్టెలోకీ ఎక్కేసిన జనంలా ఉన్నాయి.

“ఇందాకటి దాకా బాగానే ఉందే! మీరేమైనా కెలికారా?”

“నేనా? కంప్యూటర్లకి ఉదయం పూట కాస్త మగత ఉంటుందే. ఇప్పుడే సర్దుతా, నువ్వెళ్ళి తయారవు.”

ఆవిడ అటు వెళ్ళగానే తెలుగు పేరాల పని పట్టాను. చెయ్యి గురించిన మాటలు ఎత్తి చెయ్యి బొమ్మ కింద పెట్టాను. కాలరు మాటలు ఎత్తి కాలరు కింద పెట్టాను. ఒకదాన్ని కూర్చోబెడితే అక్కడ ఉన్నది లేచిపోతోంది. చెమటలు పడుతుండగా ఫోను మోగింది.

“మామయ్యా, పేజీ చూశాను. అంకెలు ముట్టుకున్నావా?”

“ముట్టుకోవడమేంటి, సరిచేశాను.”

“చచ్చాం!”

“నాలుగు పక్కన పంతొమ్మిది ఉంటే చూస్తూ ఊరుకోమంటావా?”

“అది వరస కాదు మామయ్యా, పేరు! మన హాల్లో గ్రూపు ఫోటో ఉందా? అందులో ఎడమ చివర ఎవరు?”

“మీ చిన్నమ్మ.”

“ఆవిడ పక్కన?”

“మీ పెద్దమ్మ.”

“ఎడమనుంచి మొదట నిలబడింది కదాని చిన్నమ్మని పెద్దమ్మ చేసేస్తావా?”

“చేస్తే మీ పెద్దమ్మ నన్ను బతకనివ్వదు.”

“ఇప్పుడు చేసింది అదే. పేరాలు పుట్టిన వరసలో అంకె వస్తుంది. తర్వాత పేజీలో ఎక్కడికి జరిపినా ఆ అంకె మారదు. ఆ పేరు పట్టుకునే తెలుగు మాట దాన్ని వెతుక్కుంటూ వెళ్తుంది. నువ్వు అందరి పేర్లూ మార్చేశావు.”

“అంకెకి పేరేంటే, అంకెంటే లెక్క...” అని నేనింకా వాదిస్తూనే ఉన్నాను. ఫోను స్పీకరులో ఉందన్న సంగతి మర్చిపోయాను. తల దువ్వుకుంటూ వచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఆగండాగండి. షాపులో కత్తిరించిన గుడ్డకి నెంబరు చీటీ కుడతామే, అలాంటిదా ఇది?”

“ఎలాంటిదత్తయ్యా?” అంది ఫోను.

“నలభైరెండని చీటీ ఉంటే అది ఫలానా మనిషి చొక్కా అని గుర్తు. అది బీరువాలో పైనుంటే ఏంటి, కిందుంటే ఏంటి? ఈయనొచ్చి, బీరువా సర్దుతున్నానని ఉన్న చీటీలన్నీ పీకేసి, పైనుంచి కిందికి ఒకటి, రెండు, మూడని కొత్తగా కుట్టారు. ఇంక పొట్టివాడి లాగు పొడుగువాడికి ఇస్తాం. అంతేనా?”

“అత్తయ్యా! నేను ఆఫీసులో ఎంతమందికి చెప్పానో. ఇంత బాగా చెప్పడం నాకూ రాలేదు.”

“అడిగితే నేనే చెప్పేదాన్నిగా. ఈయనకి అడిగే అలవాటుంటేగా!”

ఈ కథలో నేను రాసిన మొదటి వాక్యం ఉంది చూశారూ, దాన్ని దయచేసి కొట్టేయండి. దాని పక్కన నా సంతకం కూడా పెడతాను.

టైము పది దాటింది. మేనకోడలు ఇంగ్లీషు పేజీని పొద్దుటి రూపానికి తిప్పేసింది. దాంతో అర అంగుళం పేరా కూడా ఎగిరిపోయింది. మళ్ళీ రాయమంది.

“ఈసారి అంకె పెట్టకు మామయ్యా. గుర్తు లేకుండా వదిలెయ్. కొత్తగా పుట్టినదానికి యంత్రమే పెడుతుంది.”

“ఎంత పెడుతుంది?”

“ముప్పైరెండు.”

“నాలుగు పక్కన ముప్పైరెండా!”

“కళ్ళు మూసుకో.”

మూసుకున్నాను. మేనకోడలు ఈసారి ప్రతి గుర్తూ చూసుకున్నాకే మీట నొక్కింది. “తెలుగు పేరాలు కూడా అటూ ఇటూ చేశావు కదా, ఎన్ని?” అనడిగింది. ఏడన్నాను ధీమాగా. ఆ ఏడింటినీ ఒక్కొక్కటే రద్దు చేసి, కొత్త పేరా తెలుగు చేసేసరికి పదీ నలభై. సంచి నేను పట్టుకున్నాను, లాప్‌టాప్ మా ఆవిడ పట్టుకుంది. నా చేతికి ఇవ్వనంది.

సెంటరులో పన్నెండుమంది ఆడవాళ్ళు, గోడ మీద పేజీ వెలుగు, గుమ్మం దగ్గర నిటారుగా ఇస్త్రీగారు. నేను చివరి బల్ల మీద సర్దుకున్నాను. కాలరు కింద కాలరు మాటే ఉంది. చెయ్యి కింద చెయ్యే ఉంది. అర అంగుళం పేరా వచ్చినప్పుడు మా ఆవిడ నావైపు చూసి చిన్నగా తలూపింది. నేను ఛాతీ కాస్త పెంచాను.

అప్పుడు ముందు వరసలో కళ్ళజోడు పెట్టుకున్నావిడ, “టీచరుగారూ, ఇది చూడండి” అంది. పేజీలో చెప్పింది చెప్పినట్టు చేసే మనిషట ఆవిడ. కాగితం ప్రింటు తీసి, కత్తిరించి, అంటించి పైకెత్తింది. కాగితం చొక్కా. అటొక చెయ్యి, ఇటొక చెయ్యి, గుండె మీద జేబుండాల్సిన చోట నిక్కి చూస్తూ ఇంకో చెయ్యి.

గోడ మీద జేబు బొమ్మ కింద రాసి ఉంది: “భుజం నుంచి మణికట్టు దాకా కొలిచి గీయండి.”

నేను మార్చినవి ఏడు కాదు, ఎనిమిది. చెయ్యి మాటలు ఎత్తి పెట్టినది జేబు పేరా పేరు మీద. పేజీని పొద్దుటి రూపానికి తిప్పినప్పుడు ఆ పేరు తన జేబు దగ్గరికి తిరిగొచ్చేస్తూ, నా మాటల్ని కూడా వెంట తెచ్చుకుంది.

మా ఆవిడ గోడ వైపు చూసింది. నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. ఇస్త్రీగారు రెండడుగులు లోపలికి వేశాడు. ఇరవైఆరేళ్ళ కుర్చీ నా ఒక్క లెక్క తప్పు మీద ఊగుతోంది.

“ఇది సాఫ్ట్‌వేరు తప్పు కాదమ్మా” అంది మా ఆవిడ తాపీగా. “మా ఇంటి తప్పు. అదుగో, వెనక బల్ల మీద కూర్చుంది.”

పన్నెండు తలలు తిరిగాయి. లేచి నమస్కారం పెట్టాను, ఏం చేస్తాను!

ఆవిడ చీటీల కథంతా మళ్ళీ చెప్పింది. బీరువా, నలభైరెండు, పొట్టివాడు, పొడుగువాడు అన్నీ వచ్చాయి. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు, కానీ అందరికీ అర్థమైంది. తర్వాత ఆవిడ జేబు పేరా తెరిచి, ఎవరెప్పుడు ఏం మార్చారో చూపే జాబితాలో నా పేరు మీద వేలు పెట్టి, “రద్దు” నొక్కింది. మౌసుని పూర్తి అరచేత్తో పట్టుకుంది, కత్తెర పట్టుకున్నట్టు. గోడ మీద చెయ్యి పోయి జేబు వచ్చింది.

“ఆ మీట మీరు నొక్కొచ్చా?” అన్నాడు ఇస్త్రీగారు.

“ఎవరైనా నొక్కొచ్చండి. మీరూ నొక్కుతారా?”

ఆయన రెండడుగులూ వెనక్కి వేశాడు. ఒక క్షణం ఆ మూడు చేతుల చొక్కాని చూసి, పకపకా నవ్వి, రిజిస్టరు తెప్పించి సోమవారాలన్నిటి ఎదురుగా మా ఆవిడ పేరే రాశాడు.

ఇంటికి వస్తుంటే సంచి తేలిగ్గా ఉందన్నాను. “మీ తలకాయ సెంటర్లో మర్చిపోయారేమో చూసుకోండి” అంది. ఆ సాయంత్రం వికీలో తనకో ఖాతా తెరవమని మేనకోడల్ని అడిగింది. ఇప్పుడు నేను ఏ పేరా దిద్దినా మా ఆవిడ ఒకసారి చూశాకే మేనకోడలి దగ్గరికి వెళుతుంది. నాలుగు పక్కన ముప్పైరెండు అలాగే ఉంది. పేజీ తెరిచినప్పుడల్లా ఆ చోట కళ్ళు మూసుకుంటాను.

ఒక్క ముక్క కల్పించానని ఒప్పుకుంటాను. మూడో చెయ్యి అని మీరనుకుంటారు. కాదు, అది అక్షరాలా నిజం. ఇస్త్రీగారు పకపకా నవ్వాడన్నాను చూశారూ, అదే అబద్ధం. ఆయన ముఖం మీద ముడత పడలేదు. రిజిస్టరులో రాశాడు, వెళ్ళిపోయాడు. కాకపోతే వెళుతూ వెళుతూ ఆ కాగితం చొక్కాని జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకున్నాడు.